వాక్కాయను ఆహారంగా, ఇంటి మందుగా వాడుకునే పద్ధతి

తొలకరి వానలు కుదురుకుని ఆషాఢం నడుస్తూ ఉండగా విజయవాడ రైతుబజార్లలోనూ, గుంటూరు కొల్లి శారదా మార్కెట్టు పరిసరాలలోనూ ఆకుపచ్చ మీద గులాబీ రంగు చారలు కమ్మిన చిన్న చిన్న వాక్కాయలు గంపలలో కనిపించడం మొదలవుతుంది. ఏడాది పొడుగునా చింతపండు, గోంగూర రాజ్యమేలే ఈ రెండు జిల్లాల వంటింట్లో వాక్కాయకు దక్కేది మహా అయితే సెప్టెంబరు దాకా ఉండే ఒక్క కాలమే. పప్పులోకీ పచ్చడిలోకీ తప్ప దేనికీ పనికిరాదని కొందరు దాన్ని చులకన చేస్తారు. రక్తహీనత మొదలు చక్కెర వ్యాధి దాకా అన్నిటినీ కుదురుస్తుందని ఫోన్లలో తిరిగే వీడియోలు ఊదరగొడతాయి. ఈ వ్యాసం రెండో మాటను నమ్మదు, మొదటి మాటను ఒప్పుకోదు. వాక్కాయ చేసే మేలు ముప్పాతిక పాళ్ళు భోజనం ద్వారానే అందుతుంది కాబట్టి, దాన్ని ఏ కాయతో, ఏ ఆకుతో, ఏ గిన్నెలో, ఎప్పుడు కలపాలన్నదే మీరు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

కాయను గుర్తుపట్టడం

మన ప్రాంతంలో దగ్గరి చుట్టాలైన రెండు మొక్కలు ఉన్నాయి. పెరళ్ళలో, తోటల గట్ల మీద కంచెగా పెంచేది వాక్కాయ. దీని శాస్త్రీయ నామం కారిస్సా కరండాస్. కొండపల్లి, కొండవీడు కొండల మీద ఉన్నట్టి మెట్ట పొదలలో ఎవరూ నాటకుండా పెరిగేది కలివి. దీన్ని కారిస్సా స్పైనారం అంటారు. కలివి కాయ బఠాణీ గింజ కన్నా కొంచెం పెద్దది, బాగా నల్లబడ్డాక తియ్యగా ఉంటుంది, పశువుల కాపరులూ పిల్లలూ చెట్టు దగ్గరే కోసుకుని తినేస్తారు. వంటకు మాత్రం కండ ఎక్కువగా ఉన్న వాక్కాయే అనుకూలం.

బజారులో కొనేవారికి గుర్తింపుతో పెద్ద పని లేదు. కొండ దగ్గరో, ఊరి చివర పొదలలోనో స్వయంగా కోసుకునేవారు మాత్రం నాలుగు లక్షణాలూ కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొమ్మకు జంటగా లేదా చీలినట్లుగా ఉన్న గట్టి ముళ్ళు ఉండాలి. కోలగా, దళసరిగా, మెరుస్తూ ఉన్న ఆకులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి. ఆకు గానీ కాయ గానీ తుంచితే తెల్లటి పాలు కారాలి. కాయను కోస్తే లోపల పలకల్లాంటి కొద్దిపాటి చదును గింజలు కనిపించాలి. ఇంత జాగ్రత్త ఎందుకంటే వాక్కాయది గన్నేరు కుటుంబం, ఆ కుటుంబంలో ప్రాణాంతకమైన మొక్కలు ఉన్నాయి. ఇళ్ళ ముందూ గుళ్ళ దగ్గరా పెంచే పచ్చగన్నేరుకు కూడా పాలు కారతాయి, దాని కాయలు కూడా ఆకుపచ్చ నుంచి నలుపుకు మారతాయి, కానీ ఆ చెట్టుకు ముళ్ళు ఉండవు, ఆకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, పూలు పసుపు రంగులో గంటల్లా వేలాడుతాయి. దాని గింజ గుండె లయను దెబ్బతీసే విషం. అలాగే కొండ చరియల నిండా అల్లుకుపోయిన లాంటానా పొద కాయలు గుత్తులుగా, నిగనిగలాడుతూ పిల్లలను ఆకర్షిస్తాయి. ముఖ్యంగా పచ్చి కాయలు విషపూరితం, వాటికి పాలు ఉండవు. ముల్లు, ఎదురెదురు ఆకు, పాలు, చదును గింజ అనే నాలుగింటిలో ఒక్కటి తగ్గినా ఆ కాయను వదిలేయండి. రక్షిత అటవీ ప్రాంతంలో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఏ పనికి ఏ కాయ

కాయ మూడు దశలలో మూడు రకాలుగా పనికివస్తుంది. గట్టిగా, ఆకుపచ్చగా ఉన్నప్పుడు పులుపూ వగరూ రెండూ తీవ్రంగా ఉంటాయి. నిల్వ పచ్చడికి అదే తగినది. గులాబీ, ఎరుపు చారలు వచ్చాక వగరు కొంచెం తగ్గి పప్పుకూ పులిహోరకూ సరిపోతుంది. ముదురు ఎరుపు దాటి నల్లగా, మెత్తగా అయ్యాక తీపి చేరుతుంది. షర్బతుకూ జెల్లీకీ ఆ పండే కావాలి. పండిన కాయ రంగుకు కారణం ఆంథోసయనిన్లు అనే పదార్థాలు, నేరేడు పండుకు ఆ ఊదా రంగునిచ్చేవి కూడా ఇవే. ఆయుర్వేద గ్రంథాలు కూడా పచ్చిదాన్నీ పండినదాన్నీ వేరు చేసే చెప్పాయి: భావప్రకాశం లెక్కన కరమర్దం, అంటే మన వాక్కాయ, పచ్చిగా ఉన్నప్పుడు పిత్తాన్ని పెంచుతుంది, పండినప్పుడు అణుస్తుంది. కడుపులో మంట ఉన్నవారు పచ్చి కాయకు దూరంగా ఉండాలన్న మన పెద్దల మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

కొనేటప్పుడు తొడిమ దగ్గర బూజు లేనివీ, నొక్కితే నీరు కారనివీ ఏరుకోండి. గట్టి కాయలు గాలి తగిలేలా పెడితే మూడు నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో వారం పైగా ఆగుతాయి. పండినవి మరుసటి రోజుకే చెమ్మగిల్లుతాయి కాబట్టి వాటిని తెచ్చిన రోజే వాడేయాలి.

పాలు, గింజలు తీయడం

చాలామంది వాక్కాయను ఒకసారి తెచ్చి రెండోసారి తేకపోవడానికి కారణం ఈ పనిలో ఉన్న జిగురు. తొడిమలు తుంచకుండానే కాయలను రెండు మూడు నీళ్ళలో కడిగి, పొడి బట్ట మీద ఆరబెట్టండి. చేతులకూ చాకుకూ కొద్దిగా నూనె రాసుకుని అప్పుడు తొడిమ తీసి, కాయను నిలువుగా రెండు చెక్కలు చేసి, చాకు మొనతో గింజలు తోడేయండి. చెక్కలను లీటరు నీటికి ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపిన నీళ్ళలో అరగంట ఉంచితే పాలు విరిగి తేలిపోతాయి. ఆ నీళ్ళు పారబోసి మరోసారి కడిగితే సరిపోతుంది. గింజలతో సహా వండే ఇళ్ళు ఉన్నాయి, లేతకాయకు అది పరవాలేదు, ముదురు కాయలో మాత్రం గింజ చేదుగా పంటికి తగులుతుంది.

ఇనుము మాట: పప్పు ఎలా వండాలి

వాక్కాయ గురించి వినిపించే ప్రచారాలన్నిటిలో కాస్త గట్టి పునాది ఉన్నది ఇనుముకు సంబంధించినదే. పాత పోషక పట్టికలలో ఎండు వాక్కాయకు 100 గ్రాములకు 39 మిల్లీగ్రాముల ఇనుము అని ఉంటుంది, వీడియోలలో తిరిగే అంకె అదే. ఆ అంకె ఎండబెట్టిన కాయది, పచ్చిదానిది కాదు. పైగా ఎండు పదార్థాలకు పట్టిన దుమ్ము కూడా ఇలాంటి లెక్కలను పెంచుతుంది, మొక్కల నుంచి వచ్చే ఇనుములో ఒంటికి పట్టేది కొద్ది భాగమే. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం స్త్రీకి రోజుకు 29, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పది గ్రాముల ఎండు వాక్కాయ తిన్నా ఆ అవసరంలో కొంచెమే తీరుతుంది.

మరి వాక్కాయ ఎందుకు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మునగాకు, తోటకూర, కందిపప్పు వంటి ఇనుము ఉన్న పదార్థాలు తినే ఇళ్ళలోనూ అది కనిపిస్తోందంటే, ఒక కారణం ఆ ఇనుము పేగులలో సరిగా పీల్చుకోబడకపోవడం. విటమిన్ సి, పండ్లలోని పులుపు ఆమ్లాలు ఆ పీల్చుకోవడాన్ని పెంచుతాయి. భోజనం వెంటనే తాగే కాఫీ, టీలు దాన్ని తగ్గిస్తాయి. అంచేత వాక్కాయను తనంతట తానుగా ఇనుము ఇచ్చే కాయగా చూడకండి, పక్కనున్న ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టించే పులుపుగా చూడండి. వండే విధానం కూడా దాన్ని బట్టే ఉండాలి.

నలుగురికి ఒక కప్పు కందిపప్పు, రెండు గుప్పిళ్ళు దూసిన మునగాకు లేదా తరిగిన తోటకూర, పదిహేను చారల వాక్కాయలు, నాలుగైదు పచ్చిమిరపకాయలు తీసుకోండి. పప్పును ముందుగా విడిగా మెత్తగా ఉడికించాలి. పులుపు తగిలిన పప్పు గింజ మెత్తబడదు కాబట్టి, వాక్కాయను పప్పుతో కలిపి కుక్కర్లో వేస్తే ఎన్ని కూతలు వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. ఆకును, మిర్చిని, పసుపును కొద్ది నీళ్ళతో మరో గిన్నెలో మగ్గబెట్టి, ఆకు మెత్తబడ్డాక వాక్కాయ చెక్కలు వేసి మూత పెట్టి ఆరేడు నిమిషాలు మాత్రమే ఉడకనివ్వండి. విటమిన్ సి వేడికి నశిస్తుంది, అందుకని కాయను చివరకు వేయడం రుచికీ పోషణకూ మంచిది. ఉడికిన పప్పు, ఉప్పు కలిపి, పప్పుగుత్తితో ఒకసారి మెదిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకులతో తిరగమోత పెట్టండి. తిన్న తర్వాత ఒక గంట కాఫీ జోలికి వెళ్ళకండి; మన వైపు అన్నిటికన్నా కష్టమైన పథ్యం ఇదే.

గిన్నె విషయంలో కూడా పట్టింపు అవసరం. వాక్కాయ కూరను ఇనప మూకుట్లో చేస్తే పులుపు కొంత ఇనుమును మూకుడు నుంచి లాగి కూరలోకి చేర్చుతుంది, రంగు నల్లబడుతుంది, అది మంచిదే. పొయ్యి కట్టేయగానే స్టీలు గిన్నెలోకి మార్చుకుంటే లోహపు వాసన రాదు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో, అల్యూమినియం గిన్నెలలో ఈ కాయను వండవద్దు, నిల్వ చేయవద్దు.

వేడి తగలని పచ్చడి

విటమిన్ సి పూర్తిగా కావాలనుకునేవారికి రోటి పచ్చడి మేలు. పది పన్నెండు వాక్కాయ చెక్కలు, ఐదారు పచ్చిమిరపకాయలు, తగినంత ఉప్పు, చిన్న బెల్లం ముక్క, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచి, కొత్తిమీర చేర్చి, పైన తిరగమోత మాత్రం వేయండి. అన్నంలో మొదటి ముద్దకు ఒక చెంచా సరిపోతుంది. వగరు మరీ ఎక్కువనిపిస్తే వేయించిన పల్లీలు రెండు చెంచాలు కలిపితే తగ్గుతుంది.

నిల్వ పచ్చడికి కిలో చెక్కలకు 200 గ్రాముల ఉప్పు, అంతే గుంటూరు కారం, 100 గ్రాముల ఆవపిండి, పాతిక గ్రాముల మెంతిపిండి, చెక్కలు మునిగేటంత నువ్వులనూనె పడతాయి. చెక్కలను నీటి తడి లేకుండా ఆరబెట్టడం ఒక్కటే ఇందులో మెళకువ. అయితే దీన్ని ఔషధంగా లెక్క వేసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పే మంచిదంటుంది, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ పచ్చడిలోని ఉప్పు చేసే చెడు వాక్కాయ చేసే మేలు కన్నా ఎక్కువ.

ఒరుగులు

కాలం దాటాక కూడా పప్పులో వాక్కాయ కావాలంటే ఎండబెట్టడమే దారి. ఉప్పు నీటిలో ఉంచి తీసిన చెక్కలను పలుచటి బట్ట మీద పరచి, పైన మరో పలుచటి బట్ట కప్పి, ఎండ ఉన్న రోజు చూసి ఆరబెట్టండి. శ్రావణంలో ఎండను నమ్మలేం. మబ్బు పట్టిన రోజు లోపల ఫ్యాను కింద పెట్టి, మళ్ళీ ఎండ వచ్చినప్పుడు మేడ మీదకు చేర్చాలి. చెక్క విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. గాజు సీసాలో పోసి మూత బిగిస్తే నెలల తరబడి ఉంటాయి. వాడే ముందు పావుగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆ నీటిని కూడా పప్పులో పోసేయండి. ఎండబెట్టడంలో విటమిన్ సి దాదాపు పోతుంది కాబట్టి ఒరుగుల పప్పు తిన్న రోజు పళ్ళెంలో నిమ్మచెక్క ఉంచుకోండి.

షర్బతు, జెల్లీ

నల్లగా పండిన ఇరవై వాక్కాయలను కడిగి, గింజలు తీసి, రెండు గ్లాసుల నీటిలో చేత్తో పిసికి వడకట్టండి. బెల్లం, చిటికెడు ఉప్పు, కొద్దిగా యాలకుల పొడి కలిపి వెంటనే తాగాలి. పైత్యం చేసి నోరు చేదుగా ఉన్నప్పుడు, ప్రయాణంలో వికారం వచ్చినప్పుడు, జ్వరం తగ్గాక నోటికి ఏదీ సహించనప్పుడు సగం గ్లాసు ఇవ్వడం పాత ఇంటి అలవాటు. చరక సంహితలో హృద్యములని, అంటే మనసుకు ఇంపైనవని, చెప్పిన పది ద్రవ్యాలలో మామిడి, రేగు, దానిమ్మ, మాదీఫలం వంటి పులుపు పండ్ల సరసన వాక్కాయ కూడా ఉంది. ఆకలి పుట్టించే పులుపుగా దాన్ని మన వాళ్ళు ఎంత కాలంగా వాడుతున్నారో దీన్ని బట్టి తెలుస్తుంది.

వాక్కాయలో పెక్టిన్ సమృద్ధిగా ఉంటుంది, బయట నుంచి ఏమీ కలపకుండానే జెల్లీ గడ్డకడుతుంది. రసానికి సమానంగా పంచదార వేసి, చుక్క చల్లటి పళ్ళెంలో వేస్తే జారకుండా నిలిచేదాకా మరిగించడమే పని. ఇది పిల్లలకు రుచి కోసం మాత్రమే. అన్నట్టు, మన బేకరీలలో కేకు మీద అలంకరించే ఎర్రటి ‘చెర్రీ’ చాలావరకు పంచదార పాకంలో ఊరబెట్టి రంగు వేసిన వాక్కాయే. దానిలో వాక్కాయ గుణం వెదకడం దండగ.

మందుగా వాడేటప్పుడు హద్దులు

కాయ, పండు భోజనంలో భాగంగా సురక్షితం. ఆకు, బెరడు, వేరు సంగతి వేరు. జానపద వైద్యంలో ఆకు కషాయాన్ని జ్వరాలకూ, వేరు ముద్దను పుండ్లకూ దురదలకూ, పశువుల గాయాలకూ వాడిన ఆచారం ఉంది. అయితే ఈ జాతి మొక్కల వేళ్ళలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు ఉన్నాయి, మోతాదు తెలియకుండా కడుపులోకి తీసుకోవడం ప్రమాదకరం. వేరు కషాయం ఇంట్లో కాచవద్దు, ఎవరైనా కాచి ఇచ్చినా తాగవద్దు. వానాకాలంలో మన ఊళ్ళలో మలేరియా, డెంగీ తిరుగుతుంటాయి కాబట్టి రెండు రోజులు దాటిన జ్వరానికి ఆకుల కషాయం కన్నా రక్త పరీక్ష ముందు.

విరేచనాలకు పచ్చి కాయ వగరు కట్టు వేస్తుందన్న నమ్మకం ఉంది. పెద్దవారికి ఒక పూట పచ్చడి మెతుకులతో హాని లేదు, కానీ పసిపిల్లలకు కావలసింది ఓ.ఆర్.ఎస్. ద్రావణమే. చక్కెర వ్యాధి విషయంలో వాక్కాయ సారాన్ని ఎలుకల మీద పరీక్షించిన పరిశోధనలు ఉన్నాయి. వాటిని చూసి మాత్ర మానేయడం తగదు. ఉప్పు, పంచదార తక్కువగా ఉన్న వాక్కాయ పప్పు వారికి నిక్షేపంలాంటి భోజనం, జెల్లీ, షర్బతు మాత్రం కావు.

రక్తహీనతకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో 12, గర్భిణులలో 11, పురుషులలో 13 గ్రాముల కన్నా (డెసిలీటరుకు) తక్కువైతే రక్తహీనత ఉన్నట్టే. వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలు వేసుకుంటూనే వాక్కాయ పప్పు తినండి, ఒకదానికి బదులు మరొకటి వాడకండి. గర్భిణులు కూరగా, పప్పుగా తినడానికి అభ్యంతరం లేదు, ఆకు, వేరు మందులు మాత్రం పూర్తిగా మానాలి.

కడుపులో పుండు, ఛాతీలో మంట ఉన్నవారు పచ్చి కాయ పచ్చడి మానేసి, పండినదాన్ని కొద్దిగా తిని చూసుకోవాలి. పులుపు దంతాల పైపూతను మెత్తబరుస్తుంది, తిన్న వెంటనే బ్రష్ చేయకుండా ముందు నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగండి. కాయ పాలు తగిలి పెదవులు మంట పుడితే నూనె రాసి కడిగేసుకోండి. నాలుకో, గొంతో వాస్తే వైద్యుడి దగ్గరకు వెళ్ళాల్సిందే.

పెరట్లో ఒక మొక్క

ఈ కాలం దాటకుండా గింజ వేస్తే కొనుక్కునే పని తప్పుతుంది. బాగా పండిన కాయ గింజలను కడిగి, నీడలో ఒక రోజు ఆరబెట్టి వెంటనే నారు సంచులలో నాటండి. ఈ గింజకు మొలకెత్తే శక్తి ఎక్కువ కాలం ఉండదు, వచ్చే ఏడాదికని దాచుకుంటే వృథా. మరుసటి తొలకరికి మొక్కను నేలలోకి మార్చవచ్చు. గుంటూరు వైపు నల్లరేగడిలో నీరు నిలవని మెరక చూసుకోవాలి, కొంచెం ఇసుకా పశువుల ఎరువూ కలిపితే నిలదొక్కుకుంటుంది. ఒకసారి వేళ్ళూనాక ఎండకు తట్టుకుంటుంది, పెద్దగా నీళ్ళడగదు. కంచెగా కావాలంటే రెండేసి అడుగుల దూరంలో వరుసగా వేయండి. పిల్లలు ఆడుకునే చోటికి, నడక దారికి దూరంగా నాటండి, దీని ముల్లు చెప్పుల్లోంచి కూడా దిగుతుంది. మూడో ఏడాది నుంచి కాపు మొదలవుతుంది. కాయలు కోయడం అయిపోయాక ఎండు కొమ్మలు కత్తిరించేటప్పుడు చేతులకు దళసరి తొడుగులు వేసుకోండి, కోసిన కంపను పోగు పెట్టి కాల్చేయండి.